మార్కు అడగడం వేరు, లెక్క అడగడం వేరు

(ఉపకారవేతనాల పంపిణీ సభలో, దరఖాస్తుల పరిశీలక సంఘం సభ్యులైన ఒక విశ్రాంత గణిత అధ్యాపకులు కోయంబత్తూరులో చేసిన ప్రసంగ పాఠం)

ప్రతి ఏడూ ఈ సభలో ఎవరో ఒకరు కష్టపడి చదవండి, కన్నవాళ్ళకు పేరు తీసుకురండి అని చెబుతారు. ఈసారి ఆ మాట అధ్యక్షులవారు చెప్పేశారు కాబట్టి నాకు పని తగ్గింది. నేను 31 ఏళ్ళు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో గణితం చెప్పాను. 2010లో రిటైరయ్యాక మన ట్రస్టుకు వచ్చే దరఖాస్తులు చూసే పనిలో ఉన్నాను. ఈ రెండు చోట్లా పిల్లలు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఒక్కటే. “సార్, మార్కు తక్కువ పడింది. ఆ లెక్చరర్‌ని వెళ్ళి అడగవచ్చా? ఏమని అడగాలి?”

మన పిల్లలకు ఈ ప్రశ్న ఇంకొంచెం బరువు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళకు తమిళం బదులు కన్నడం, బరంపురం వాళ్ళకు ఒడియా, షోలాపూర్ వాళ్ళకు మరాఠీ. స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి ఏ భాషలో నోరు తెరవాలా అని తేల్చుకునే లోపల ఆ మాస్టారు లేచి క్లాసుకు వెళ్ళిపోతారు. పైగా ట్రస్టు నిబంధన మీకు తెలిసిందే. ఒక్క పేపరు అరియర్‌గా మిగిలినా మరుసటి ఏడు డబ్బు ఆగిపోతుంది. ఈ హాల్లో కూర్చున్న చాలామందికి ఒక మార్కు అంటే ఒక ఏడాది ఫీజు. అందుకే ఈ సంగతి చెప్పాలని కూర్చుని రాసుకొచ్చాను. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాని పిల్లలకు ఇంట్లో పెద్దవాళ్ళు బులెటిన్ చదివి వినిపిస్తారని ఆశ.

ముందు నా సంగతి. 1969లో నేను పీయూసీ చదువుతున్నాను. లెక్కల టెస్టులో 58 వచ్చింది. 60 దాటితే వాచీ కొనిస్తానని మా నైన మాట ఇచ్చి ఉన్నాడు. నేను తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్ళి “ఒక రెండు మార్కులు వెయ్యండి సార్” అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నా పేపరు బయటికి తీసి, మొదటి పేజీ నుంచి కూడుకుంటూ వచ్చారు. ఒక లెక్కకు ఇచ్చిన 5 మార్కులను రెండుసార్లు కూడినట్టు తేలింది. 58 పోయి 53 అయింది. “ఇంకేమైనా చూడమంటావా?” అన్నారు. ఆ వాచీని నేను ఉద్యోగంలో చేరాక నా జీతంతో కొనుక్కున్నాను.

నవ్వకండి, ఇందులో మీకు పనికొచ్చేది ఉంది. ఆ రోజు నేను నా పేపరు చూసుకోకుండానే వెళ్ళాను. నాకు కావలసింది 60, ఆ 60 నా జవాబుల్లో ఉందో లేదో నాకు తెలియదు. నేను అడిగింది మార్కు. “నా కూడిక సరిగా ఉందా సార్?” అని అడిగి ఉంటే అది లెక్క. లెక్క అడగడం మీ హక్కు. మార్కు అడగడం యాచన, పైగా అది ఇంకొకరి వాటాలోంచి పోతుంది. ఇంకొకరి వాటా అని ఎందుకంటున్నానో చెప్పడానికి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఇన్నేళ్ళుగా ఎక్కడా చెప్పలేదు. ఇది మన సభ కాబట్టి, ఆ తప్పు మనవాళ్ళు అనే మాటతోనే జరిగింది కాబట్టి, ఇక్కడే చెప్పడం న్యాయం.

2003లో ఒకనాటి సాయంత్రం ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చారు. చేతిలో కోవిల్‌పట్టి కడలైమిఠాయి డబ్బా. చెప్పులు గుమ్మం అవతలే విడిచి, లోపలికి రమ్మన్నా రాకుండా, “మీరు మనోళ్ళేనని విన్నాను సార్” అన్నారు. మాది కోవిల్‌పట్టి వైపు నల్లరేగడి పల్లె. ఉద్యోగం కోసం కోయంబత్తూరు వచ్చాక మా ఊరి తెలుగు నాకు ఏడాదికోసారి, పండక్కి వెళ్ళినప్పుడు మాత్రమే వినబడేది. ఆయన మాట్లాడుతుంటే మా నైన మాట్లాడినట్టే ఉంది. అదే యాస, మధ్యమధ్య అవే తమిళ మాటలు. వాళ్ళబ్బాయి నా క్లాసులో ఉన్నాడు. ఇంటర్నల్ మార్కులు అప్పుడు 20కి. ఆ అబ్బాయికి 11 వచ్చింది. “కొంచెం చూడండి సార్, మనం మనం చూసుకోకపోతే ఈ ఊళ్ళో మనకు ఎవరున్నారు” అన్నారు.

డబ్బా వద్దని తిరిగి ఇచ్చేశాను. ఆ మాట మాత్రం ఉంచుకున్నాను. మర్నాడు ఆ అబ్బాయిని పిలిచి ఒక అసైన్‌మెంటు రాసుకు రమ్మని చెప్పి, 3 మార్కులు కలిపి 14 చేశాను. అసైన్‌మెంటు రాయించాను కదా, ఊరికే ఇవ్వలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మార్కుల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టిన రోజు ఇంకో కుర్రవాడు నా గదికి వచ్చాడు. తమిళ పిల్లవాడు. వాళ్ళ నాన్న తిరుప్పూరులో అద్దకం పనికి పోతాడు. ఇతనికీ 11. మూడు టెస్టుల్లోనూ ఆ ఇద్దరికీ ఇంచుమించు ఒకే మార్కులని పిల్లలందరికీ తెలుసు. అతను గొడవ పెట్టుకోలేదు, గొంతు పెంచలేదు. “ఏ అసైన్‌మెంటు సార్? చెబితే నేనూ రాస్తాను” అన్నాడు. అంతే.

నా దగ్గర జవాబు లేదు. “జాబితా పంపేశామప్పా” అన్నాను. పంపిన మాట నిజమే. కానీ సవరణ చీటీ రాస్తే ప్రిన్సిపాల్ సంతకంతో మార్చడానికి ఇంకా రెండు రోజుల గడువుంది. ఆ చీటీ రాయాలంటే ముందు ఆ అసైన్‌మెంటు ఒక్కడికే ఎందుకు ఇచ్చానో రాయాలి. నేను రాయలేదు. “సరి సార్” అని వెళ్ళిపోయాడు. తర్వాత సెమిస్టరు నుంచి నేను ఏ అసైన్‌మెంటు ఇచ్చినా బోర్డు మీద రాసి, క్లాసు మొత్తానికి ఇచ్చాను. కాని దానివల్ల ఆ పిల్లవాడి 11 ఏమీ మారలేదు.

కాబట్టి తల్లిదండ్రులకు నా విన్నపం. మీ పిల్లల కాలేజీలో మనవాడు ఒకడు లెక్చరర్‌గా ఉంటే సంతోషించండి, పండక్కి భోజనానికి పిలవండి. మార్కుల పట్టిక ఖరారయ్యే వారంలో మాత్రం వాళ్ళ గుమ్మం తొక్కవద్దు. ఈ ట్రస్టు పేరు చెప్పి, ట్రస్టు పెద్దల చేత ఫోను చేయించి మార్కు అడిగించవద్దు. అలా ఫోను చేయమని మా దగ్గరికి వచ్చినవాళ్ళు ఉన్నారు. చేయలేదని కోపం తెచ్చుకుని సభలకు రావడం మానినవాళ్ళూ ఉన్నారు.

ఇది విని కొందరు పిల్లలు, అమ్మయ్య, అసలు అడగకూడదన్నమాట అనుకుంటారు. అది ఇంకా పెద్ద తప్పు. ఆ తప్పులోనూ నా సంతకం ఉంది.

2011లో మన ట్రస్టు సాయంతో చదువుతున్న ఒక అమ్మాయికి ఒక పేపరు పోయింది. తండ్రి మిల్లులో షిఫ్టు పని. పాసు కావడానికి ఇంటర్నల్, రాతపరీక్ష కలిపి 50 రావాలి. ఆమెకు రాతపరీక్షలో 80కి 41, ఇంటర్నల్‌లో 20కి 8, మొత్తం 49. ఒక్క మార్కు. ఆమె చేతనైనదంతా చేసింది. డబ్బు కట్టి జవాబుపత్రం నకలు తెప్పించుకుంది. కూడిక సరిగానే ఉంది. ఇంకా డబ్బు కట్టి రీవాల్యుయేషన్‌కు పెట్టింది. మార్పు లేదని వచ్చింది. మన నిబంధన ప్రకారం ఆ ఏడాది సాయం ఆగిపోయింది. ఆ కాగితం మీద సంతకం నాది.

మరుసటి ఏడు ఆ పేపరు రాసి పాసయి, మళ్ళీ దరఖాస్తు పెట్టుకుని ముఖాముఖికి వచ్చింది. ఫైల్లో కాగితాలన్నీ జాగ్రత్తగా పెట్టుకునే పిల్ల. తిరగేస్తుంటే ఆ సెమిస్టరు ఇంటర్నల్ టెస్టు పేపర్లు మూడూ కనబడ్డాయి. 47, 62, 44. నాది లెక్కల బుద్ధి కదా, ఊరుకోలేక కూడాను. 153. వాళ్ళ కాలేజీ పద్ధతిలో 300కి వచ్చిన మొత్తాన్ని 20కి కుదిస్తారు. 153 కుదిస్తే 10.2, అంటే 10. మరి 8 ఎలా వచ్చింది? జాబితా నకలు కూడా ఆమె దగ్గరే ఉంది. అందులో రెండో టెస్టు ఎదురుగా 62 బదులు 26 అని ఉంది. 117ను కుదిస్తే 7.8, అంటే 8. ఎవరో అంకెలు తారుమారుగా ఎక్కించారు. 41, 10 కలిపితే 51. ఆ అమ్మాయి అసలు ఫెయిలే కాలేదు.

“ఇది నువ్వు చూశావా?” అని అడిగాను. చూసిందట. జాబితా పెట్టిన రోజే చూసిందట. “సార్‌ని అడిగితే తప్పు పట్టాననుకుంటారేమోనని భయం వేసింది. పెద్దవాళ్ళతో వాదించవద్దని మా నైన చెప్పాడు” అంది. ఎక్కడో ఉన్న యూనివర్సిటీకి రెండుసార్లు డబ్బు కట్టడానికి భయపడలేదు. తన డిపార్టుమెంటులో, పది అడుగుల దూరంలో ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళడానికి భయపడింది.

ఆ ఏడాది డబ్బు ఇప్పించమని నేను కార్యవర్గాన్ని అడిగాను. గడిచిన సంవత్సరం పద్దు ముగిసిపోయిందన్నారు. నిబంధన ప్రకారం వాళ్ళన్నది సరే. అప్పటి నుంచి మన దరఖాస్తులో ఒక పేరా కలిపాం, మీరు చూసే ఉంటారు: సాయం ఆపే ముందు విద్యార్థిని పిలిచి మార్కుల కాగితాలన్నీ చూడాలి. ఆ పేరా ఆ అమ్మాయి పుణ్యం.

ఇప్పుడు ఎలా అడగాలో చెబుతాను. ముందు ఆ మార్కు ఎక్కడ పుట్టిందో తెలుసుకోండి. ఇంటర్నల్ అయితే మీ కాలేజీలోనే, మీ లెక్చరర్ చేతిలోనే పుట్టింది. దాన్ని రీవాల్యుయేషన్ సవరించదు. ఈ ఇంటర్నల్ బరువు ఈమధ్య బాగా పెరిగింది. అన్నా విశ్వవిద్యాలయం కింది కాలేజీల్లో ఒకప్పుడు 20గా ఉన్నది 2021 నియమావళితో థియరీ పేపర్లకు 40 అయింది. కర్ణాటకలో విటియు 2022 స్కీములో 50. అంటే మీ ఫలితంలో సగం దాకా మీకు రోజూ ఎదురుపడే మనిషి దగ్గరే తేలుతుంది. ఆ జాబితా సంతకాలు పడి పైకి వెళ్ళే ముందు పిల్లలకు చూపిస్తారు. ఆ రెండు మూడు రోజులే అదను. అప్పుడు పెన్నుతో ఒక గీత గీస్తే పోయేది, తర్వాత విభాగాధిపతి, ప్రిన్సిపాల్, పరీక్షల విభాగం దాటి వెళ్ళాలి. ఇంకో సంగతి. ప్రాక్టికల్స్‌కు, ప్రాజెక్టుకు సాధారణంగా రీవాల్యుయేషన్ ఉండదు. అక్కడ మీ రికార్డు పుస్తకంలో వారం వారం పడే సంతకాలే మీకు సాక్ష్యం.

లెక్చరర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు వరండాలో ఆపి అడగవద్దు. క్లాసులో అందరి ముందూ అడగవద్దు. అందరి ముందూ అడిగితే ఆయన తన తప్పు కాదు, తన పరువు కాపాడుకుంటాడు. నేనూ కాపాడుకున్నవాడినే కాబట్టి చెబుతున్నాను. “ఒక అయిదు నిమిషాలు కావాలి సార్, ఎప్పుడు రమ్మంటారు?” అని అడిగి, చెప్పిన వేళకు వెళ్ళండి. చేతిలో టెస్టు పేపరు, ప్రశ్నపత్రం, మీరు వేసుకున్న కూడిక ఉండాలి. చెప్పాల్సింది ఒక్క వాక్యం. “సార్, రెండో టెస్టు పేపర్లో 62 ఉంది, జాబితాలో 26 పడింది, ఒకసారి చూస్తారా?” తమిళంలో అయినా, కన్నడంలో అయినా, తప్పుల ఇంగ్లీషులో అయినా ఈ వాక్యం ఒకటే. ఇంట్లో నాలుగుసార్లు అనుకుని వెళ్ళండి. స్కాలర్‌షిప్ పోతుంది, మా నాన్నకు ఒంట్లో బాగాలేదు, పక్కవాడికి ఎక్కువ వేశారు, ఇవేవీ అక్కడ చెప్పవద్దు. అవి నిజాలే కావచ్చు. కాని వాటిని వినగానే ఆ లెక్చరర్ మనసులో మీరు లెక్క అడిగే మనిషి వరసలోంచి మార్కు అడిగే మనిషి వరసలోకి జారిపోతారు. అలాంటివాళ్ళు ఆ వారంలో ఆయన దగ్గరికి 30 మంది వచ్చి ఉంటారు.

జవాబు తప్పని కొట్టేసినచోట, మీకు అది ఒప్పనిపిస్తే, అడిగే తీరు వేరు. “ఇది ఎందుకు కొట్టేశారు?” అనకుండా “ఈ మెట్టులో నేను ఎక్కడ తప్పానో చెప్పండి సార్” అనండి. చాలాసార్లు మీరు తప్పినచోటు నిజంగానే కనబడుతుంది. ఎప్పుడో ఒకసారి చెబుతూ చెబుతూ ఆయనే ఆగిపోతారు. నాకు అలా రెండు మూడుసార్లు జరిగింది. పాఠ్యపుస్తకంలో లేని దారిలో లెక్క చేసిన పిల్లవాడికి సున్నా వేసి, వాడికే వివరించబోయి మధ్యలో ఆగాను. అప్పుడు మార్చాను. అలా మార్చినప్పుడు నాకు కోపం రాలేదు, సిగ్గు వేసింది. రెంటికీ తేడా ఉంది.

పేపరు తిరిగి చూస్తే తగ్గనూ వచ్చు, నా వాచీ గతి గుర్తుంచుకోండి. 49 వచ్చినవాడికి 50 చేస్తే ఏం పోయింది సార్ అని కూడా అడుగుతారు. గీత ఎక్కడ గీసినా దానికి ఒక మార్కు కింద ఒకడు నిలబడి ఉంటాడు. గీతను 49కి జరిపితే 48 వాడు బయట ఉంటాడు. ఐఐటీల వంటి చోట్ల క్లాసులో మిగతావాళ్ళతో పోల్చి గ్రేడు వేసే పద్ధతి కూడా ఉంది. అక్కడ ఒకరి గ్రేడు ఊరికే పైకి లాగడం ఇంకొకరికి నేరుగా తగులుతుంది.

ఇక యూనివర్సిటీ రాతపరీక్ష. దాన్ని దిద్దింది ఎవరో మీకు తెలియదు, తెలుసుకునే ప్రయత్నం చేయవద్దు. ఎవరో తెలుసునంటూ డబ్బు అడిగేవాడు ఉంటే వాడు దొంగ. దారి కాగితం దారే. అన్నా విశ్వవిద్యాలయం 2013 నియమావళిలో చెప్పిన పద్ధతి ఇది: ఫలితాలు వచ్చిన 2 వారాల లోపల కాలేజీ ద్వారా జవాబుపత్రం నకలుకు దరఖాస్తు పెట్టుకోవాలి. నకలు వచ్చాక ఆ సబ్జెక్టు చెప్పిన లెక్చరరే దాన్ని దిద్ది, ప్రశ్న ప్రశ్నకూ మార్కులు విడదీసి రాసి, సిఫారసు చేయాలి. ఆ తర్వాతే రీవాల్యుయేషన్. చూశారా, ఇక్కడ కూడా మీ లెక్చరర్ దగ్గరికే తిరిగి వచ్చాం. ఏడాది పొడుగునా ఆయన ముఖం చూడనివాడు నకలు పట్టుకుని గడువు చివరిరోజు వెళితే ఆయన ఎంత శ్రద్ధగా దిద్దుతాడో ఊహించుకోండి. గడువులు, రుసుములు యూనివర్సిటీకి ఒక తీరుగా ఉంటాయి, మారుతుంటాయి. పరీక్షలు కాగానే మీ కాలేజీ ఆఫీసులో కనుక్కుని రాసి పెట్టుకోండి.

మీ జవాబుపత్రం మీకు చూపించము అనే అధికారం ఇప్పుడు ఎవరికీ అంత తేలిగ్గా లేదు. 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు, సిబిఎస్ఇ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో, సమాచార హక్కు చట్టం కింద విద్యార్థి తన దిద్దిన జవాబుపత్రాన్ని చూసుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు అని తీర్పు చెప్పింది. చూసే హక్కు అది. తిరిగి దిద్దించుకునే హక్కు మాత్రం దానంతట అది రాదు. ఆ బోర్డు నియమాల్లో రీవాల్యుయేషన్ ఉంటేనే ఉంటుంది. 1984లో మహారాష్ట్ర బోర్డు కేసులోనే సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. ఈ రెండూ కలిపి గుర్తు పెట్టుకుంటే అనవసరంగా వకీలు ఫీజులు కట్టకుండా ఉంటారు.

సరిగ్గా అడిగినా లెక్చరర్ వినలేదు, విభాగాధిపతీ వినలేదు. అప్పుడు? యుజిసి 2023 ఏప్రిల్‌లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ప్రతి కాలేజీలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. మూల్యాంకనంలో అన్యాయమో, దాపరికమో జరిగితే అదీ ఫిర్యాదు కిందికే వస్తుంది. కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే 15 రోజుల లోపల ఆంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అయితే ఊరికే నా పేపరు మళ్ళీ దిద్దించండి అంటే ఆంబుడ్స్‌పర్సన్ తీసుకోరు. ఫలితాన్ని మార్చేంతటి అక్రమం ఇదీ, లేదా వివక్ష ఇదీ, అని వేలు పెట్టి చూపించాలి. 26, 62 లాంటి కాగితం అక్కడ కూడా పనికొస్తుంది.

ఒక్క చోట మాత్రం మాట్లాడటానికి వెళ్ళనే వద్దు. “మార్కుల సంగతి ఇంటికి రా, చూద్దాం” అని ఎవరైనా అన్నా, డబ్బు అడిగినా, అది మార్కుల విషయం కాదు. అమ్మాయిలూ, ఇది మీకు మరీ గట్టిగా చెబుతున్నాను. ఒంటరిగా వెళ్ళవద్దు, జవాబు ఇవ్వవద్దు. వచ్చిన మెసేజీ చెరపకుండా ఉంచి ఇంట్లో చెప్పండి. కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ చట్టప్రకారం ఉండి తీరాలి, అక్కడ రాసి ఇవ్వండి. తల్లిదండ్రులూ, పిల్ల వచ్చి చెప్పినప్పుడు “నువ్వేం చేశావు?” అని మొదటి మాట అనకండి. చదువు మాన్పిస్తామేమోనన్న భయంతోనే చాలామంది చెప్పకుండా ఉండిపోతారు.

పెద్దవాళ్ళతో వాదించకూడదని మనం పిల్లలకు నేర్పిస్తాం. మంచి అలవాటే, నేనూ నేర్పాను. కాని కిరాణా కొట్లో చిల్లర తక్కువిస్తే “లెక్క చూడన్నా” అని మన పిల్లలే అడుగుతారు. దాన్ని మనం వాదన అనం. కాలేజీలో మాత్రం అదే మాట ఎదిరింపు ఎలా అయిందో నాకు అర్థం కాదు. మిల్లు షిఫ్టు ముగించుకుని వచ్చే ఆ తండ్రి చెప్పిన మాటను నేను తప్పు పట్టలేను. మా నైన కూడా అదే చెప్పాడు. కాని ఆయన కూతురు ఒక ఏడాది పోగొట్టుకుంది.

చాలాసేపు మాట్లాడాను, వంటవాళ్ళు అటునుంచి చూస్తున్నారు. భోజనాలయ్యాక నేను ఆ కిటికీ పక్క బల్ల దగ్గర నాలుగు గంటల దాకా ఉంటాను. మార్కుల కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు తీసుకురండి, కూడి చూద్దాం. తేడా కనబడితే మీ లెక్చరర్‌కు ఏమని చెప్పాలో ఆ ఒక్క వాక్యం అక్కడే కూర్చుని రాసుకుందాం. ఫోను నేను చేయను.